మన పేరు మీది పద్దు మనమే చదవాలి

(పాచిపెంటలో పొదుపు సంఘాల సభ్యుల సమావేశంలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



అప్పంటే ఏమిటో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అప్పు చేసి విత్తనం చల్లాం, అప్పు చేసి పిల్లల పెళ్లిళ్లు చేశాం. ఇవాళ మాట్లాడుకోవలసింది మన అప్పు గురించి ఎవరో రాస్తున్న రాత సంగతి. బ్యాంకుకి పోతే మేనేజరు కంప్యూటరు చూసి "నీకు సిబిల్ లేదమ్మా" అంటాడు. "సిబిలంటే ఏటి బాబూ, ఏ ఆఫీసులో ఇస్తారు?" అని అడిగి వెనక్కొచ్చిన ఆడవాళ్లు మన పేటల్లోనూ, కొండ మీద ఊళ్లలోనూ ఉన్నారు. అది ఏ ఆఫీసులోనూ ఇచ్చే కాగితం కాదు.

మన తాతల నాడు షావుకారు దగ్గర పద్దు పుస్తకం ఉండేది. తిండిగింజలు అప్పిచ్చి చింతపండు, కందులు కల్లం దగ్గరే ఎత్తుకుపోయేవాడు. ఎంత రాశాడో అతనికే తెలుసు, మనది ఒట్టి వేలిముద్ర. ఏజెన్సీలో ఈ దోపిడీ ఎంత ముదిరిందంటే, షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల మీద 1960లో ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. 1970లో రుణ విముక్తికి ఇంకొకటి తెచ్చారు. చట్టమైతే వచ్చింది, పుస్తకం మాత్రం మన చేతికి రాలేదు.

ఇప్పుడా పద్దు కంప్యూటర్లోకి ఎక్కింది. 2000లో పుట్టిన సిబిల్‌తో పాటు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అని మరో మూడు కంపెనీలున్నాయి. వీటికి 2005లో చట్టం చేశారు. ఎవరు ఎంత తీసుకున్నారు, ఏ నెల ఎన్ని రోజులు ఆలస్యంగా కట్టారు అన్నది బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ వీటికి పంపాలి. దాన్నిబట్టి 300 నుంచి 900 లోపు ఒక అంకె వేస్తారు. అంకె పెద్దదైతే అప్పు సులువు. వాయిదా తప్పితే తగ్గుతుంది. నాలుగైదు చోట్ల ఒకేసారి అప్పుకి దరఖాస్తు పెట్టినా తగ్గొచ్చు. మన షీటు మనం చూసుకుంటే మాత్రం తగ్గదు.

ఆ లెక్కలో కులం గడి లేదు, నిజమే. కానీ చూడండి. భూమి పట్టా లేదని, జీతం లేదని, హామీ లేదని తరతరాలుగా బ్యాంకు గుమ్మం దగ్గరే మనల్ని ఆపేశారు. గతిలేక రోజు వడ్డీకి తెచ్చి, పస్తులుండి పైసాతో సహా తీర్చాం. ఆ నిజాయితీ ఈ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా పడదు! అప్పివ్వనివాళ్లే "నీకు అప్పు చరిత్ర లేదు" అంటే ఏమనాలి? రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకి చెప్పింది: మొదటిసారి అప్పు అడిగేవాళ్లని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మేనేజరు దగ్గర గట్టిగానే అడగండి, కారణం కాగితం మీద ఇమ్మనండి.

ఇక మన చేతిలో ఉన్న సంగతి. సంఘం అప్పు సంఘానిదే, నా పేరెక్కడిదని అనుకోకండి. సభ్యురాలి వాటా వివరాలు కూడా ఆ కంపెనీలకి పంపాలని రిజర్వు బ్యాంకు 2016లోనే చెప్పింది. 2014లో డ్వాక్రా మాఫీ అన్న ఎన్నికల మాట విని చాలా సంఘాలు వాయిదాలు ఆపేశాయి. నాయకుడి మాట మైకులోనే ఉండిపోయింది, వడ్డీ మన పద్దులో పెరిగింది. మాఫీ కాగితం బ్యాంకు చేతికి చేరేదాకా కట్టడం ఆపొద్దు.

జామీను సంతకం ఇంకో గొయ్యి. మొహమాటానికి మరిది ట్రాక్టరుకి సంతకం పెడితే ఆ అప్పు మన షీటులో కూడా కనబడుతుంది. అతను ఎగ్గొడితే మన మీదికే వస్తారు. "నీ పేరు మీద తీసుకో, నేను కట్టుకుంటాను" అన్న మాటకి ఆధారు కార్డిచ్చేస్తే అంతకన్నా కష్టం. పుస్తకంలో అప్పు మనదే.

ఏజెంటొచ్చి "సగం కట్టు, సెటిల్ చేసేస్తాం" అంటాడు. షీటులో 'సెటిల్డ్' అని పడుతుంది. రేపు ఇంకో బ్యాంకు దాన్ని పూర్తిగా తీరని అప్పుగానే చూస్తుంది. పిల్లల ఆకలి ముందు ఈ అంకె ఎంత! తప్పనప్పుడు సెటిల్ చేసుకోండి, కానీ తెలిసి చేసుకోండి. పూర్తిగా తీర్చినవాళ్లు బాకీ లేదన్న సర్టిఫికెట్టు తీసుకుని ట్రంకుపెట్టెలో దాచండి. అంకె పెంచుకోవడానికే అప్పు చేయమనేవాళ్లూ ఉన్నారు. మేం చెప్పం.

ఈ షీటు మనకి అడ్డుగోడగానూ పనికొస్తుంది. 2010లో మన రాష్ట్రంలో ఒకే ఇంటికి నాలుగు మైక్రోఫైనాన్సు కంపెనీలు అప్పులు పోశాయి. వసూళ్ల వేధింపులకి ప్రాణాలు పోయాక ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి నెలసరి ఆదాయంలో సగానికి మించి వాయిదాలుండేలా మైక్రోఫైనాన్సు అప్పు ఇవ్వకూడదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. పాత అప్పులెన్నో ఈ షీటులోనే తేలాలి.

షీటు తీయించడం కష్టం కాదు. ఒక్కో కంపెనీ ఏడాదికోసారి పూర్తి షీటు ఉచితంగా ఇవ్వాలన్నది 2017 నుంచి ఉన్న నిబంధన. వాయిదాల గళ్లలో మూడు సున్నాలుంటే ఆ నెల ఆలస్యం లేనట్టు. 30 అంటే 30 రోజులు ఆలస్యం. మామూలు అప్పు 90 రోజులు దాటితే మొండి బాకీల్లోకి పోతుంది. తీసుకోని అప్పు కనబడినా, తీర్చింది బాకీగా ఉన్నా బ్యాంకుకీ ఆ కంపెనీకీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకి 100 రూపాయలు పరిహారం మనకి రావాలి. ఇది 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన హక్కు. అప్పటికీ వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, దానికి ఫీజు లేదు.

వచ్చే సంత రోజు బడి వరండాలో మనూరి డిగ్రీ పిల్లలు ఫోన్లతో కూర్చుంటారు. గుర్తింపు కార్డూ, మీ నంబరున్న ఫోనూ తెచ్చుకోండి. ఓటీపీ వస్తే మా పిల్లలకైనా చెప్పొద్దు, మీ వేలితో మీరే నొక్కండి. చదవడం రానివాళ్లకి ప్రతి గడీ పైకి చదివి వినిపిస్తాం. తప్పులున్నవాళ్ల దరఖాస్తులు అక్కడే రాసేద్దాం.