కట్టడపు పనులలో ఏమరుపాటు
(మహాసభయందలి యుపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు సెలవిచ్చియున్నారు. మేము మన కూటిని గూర్చియు, ఆ కూటికై ప్రాణములొడ్డుచున్న వారిని గూర్చియు నాలుగు మాటలు మనవిచేయుదుము. మట్టిపని, రాతిపని, తాపీపని మనవారికి తాతలనాటి వృత్తులు. చెరువుకట్టలనాటినుండి నేటి అంతస్తుల మేడలదాక మనవా రీ పనులనే నమ్ముకొని బ్రదుకుచున్నారు.

ప్రమాదమునకు కారణము తెలియకపోవుటయే యని లోకము తలచును. క్రొత్తవాడు తెలియక పడునేమో గాని, నేర్పరియైన మేస్త్రీ తెలిసియే పడుచున్నాడు. మొదటి దినమున పరంజా నెక్కువాడు ప్రతి కట్టును లాగి చూచును. నూరవ దినమున చూడడు. ఈలోపల త్రాడు పాతబడినది, వాని భయము మాత్రము తీరినది. “ఇన్నాళ్లు కానిది ఇప్పుడేమగును?” అను మాటయే మన పనిచోట్ల శత్రువు.

అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున విల్లో ఐలండు అనుచోట 1978వ సంవత్సరము ఏప్రిలు 27వ తేదీన జరిగినది ఇందుకు తార్కాణము. అచ్చట విద్యుత్కేంద్రమునకై నీటిని చల్లార్చు గోపురమును కట్టుచుండిరి. ఐదేసి అడుగుల యెత్తున వరుసపై వరుసగా కాంక్రీటు పోయుచు, పరంజాను నేలపై నిలుపక, పోసిన కాంక్రీటునకే బిగించి పైకి జరుపుచుండిరి. ఇట్లు 28 వరుసలు లేచెను. 29వ వరుస పోయుచుండగా, ముందునాడు పోసిన 28వ వరుస ఊడిపోయెను. పరంజా కూలి 51 మంది మరణించిరి. చల్లని వాతావరణమున ఆ కాంక్రీటు ఒక్క దినములో చాలినంత గట్టిపడలేదనియు, బరువు మోపుటకు ముందు దాని బలమును పరీక్షింపలేదనియు విచారణలో తేలెను. 28 మారులు నిలిచెనను మాట 29వ మారునకు పూచీ కాలేదు. కప్పు గట్టిపడకమునుపే సెంట్రింగు ఊతములు తీసి వేరొకచోటికి తరలించు మనవా రీ సంగతిని చిత్తగింతురు గాక.

పునాది గోతుల విషయమును ఇంతియే. నిలువెత్తు గోతిలో దిగువాడు ప్రక్కమట్టి నిన్న నిలిచెనుగదా యని నమ్మును. రాత్రి వాన కురిసిన పిదప ఆ మట్టియే బరువెక్కి పట్టు వదలును. ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైగా తూగును. ఱొమ్ముదాక కప్పబడినవానికి తల బయటనున్నను ఊపిరియాడదు. ప్రక్కలకు పలకలు, ఊతకఱ్ఱలు పెట్టుట లేదా వాలుగా త్రవ్వుట, తీసిన మట్టిని అంచునకు దూరముగ పోయుట, వాన వెలిసినపిదప పరీక్షింపక దిగకుండుట, ఇవి గొప్ప ఖర్చుతో గూడినవి కావు.

శాసనములు లేవా యందురేమో. 1996లో కట్టడపు కార్మికులకై పార్లమెంటు ప్రత్యేకశాసనము చేసెను; 2020లో వృత్తిభద్రతను గూర్చి మఱియొక శాసనమును చేసెను. మంచిదే. కాని శాసనము ప్రతి ఉదయమున వచ్చి త్రాడు లాగి చూడదు.

ఈ సభలో కాంట్రాక్టర్లు గలరు, మేస్త్రీలు గలరు, దినకూలీలును గలరు. అందరమును బంధువులమే. ఆ బంధుత్వమే యొక్కొక్కప్పుడు చేటగుచున్నది. కట్టు వదులుగా నున్నదనిన మామ నొచ్చుకొనునేమోయని మేనల్లుడు నోరు మెదపక పైకెక్కుచున్నాడు. కాంట్రాక్టరు సోదరులకు మా మనవి యొక్కటే: అపాయము చూచి పని ఆపినవానికి ఆనాటి కూలి కోయకుడు. ఒక్కనికి కోసితిరా, రేపటినుండి పదిమంది చూచియు చెప్పరు. మేస్త్రీ సోదరులారా! ప్రతి ఉదయము పని మొదలిడకముందే కట్లను, ఊతములను, గోతులను చూడుడు. తలటోపి, నడుముపట్టా మీరు ముందు ధరింపుడు. కుఱ్ఱవాండ్రు మీ మాటకంటె మీ నడతనే యనుసరింతురు.

పనిలో మరణించినవాని కుటుంబమునకు సంఘనిధినుండి సాయము చేయుట మన ధర్మము. అట్టి సాయ మవసరము కాకుండ చూచుట అంతకంటె మిన్నయైన ధర్మము. మహాసభవారు దీనిని తీర్మానముగ గైకొందురు గాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.