కార్డు మంచానికే కాదు, ఓపీకి కూడా కావాలి
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మనది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆనాడు దుకాణం మూయించాం. తాగుడుకు బానిసైన మనిషిని బాగుచేసుకునే పని మాత్రం మిగిలిపోయింది. ఈరోజు దాని గురించే మాట్లాడతాం.

మా సంఘంలో ఒక అక్క ఉంది. భర్త ఉన్నట్టుండి తాగుడు మానేస్తే వణుకు, ఫిట్సు వచ్చినాయి. ఆసుపత్రిలో చేర్చారు. కార్డు మీదే వైద్యం జరిగింది, మేమంతా సంతోషించాం. ఇంటికొచ్చాక డాక్టరు నెలనెలా రమ్మన్నారు. వెళ్లిన ప్రతిసారీ ఇద్దరి కూలి పోతుంది, బస్సు ఛార్జీలు, మాత్రలు సొంత డబ్బే. రెండుసార్లు పోయి మానేశారు. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఆ అక్క కిస్తీలు నిలిచిపోయాయి, మేమే సర్దాం.

తప్పు ఆ అక్కది కాదు. ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఉంది. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే. చేరకముందు 3 రోజులు, ఇంటికొచ్చాక 15 రోజుల మందులు, పరీక్షలు వస్తాయి. వట్టి ఓపీకి రాదు. తాగుడు జబ్బు పదిహేను రోజుల్లో తీరేదా? ఒళ్లు కుదుటపడటానికి వారం పట్టొచ్చు, మనసు నిలబడటానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ ఓపీలోనే గడవాలి. తాగాలనే కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇవి ఇంటి దగ్గరుండి వేసుకునే మాత్రలే.

2019లో కేంద్రం బయటపెట్టిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ మందుకు ఊరూరా దుకాణం ఉంది, ఈ మందుకు మాత్రం బస్సెక్కి పోవాలి.

"తాగి చెడినోడికి సర్కారు సొమ్ము ఎందుకు?" అని మనలోనే కొందరు అడిగారు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు నెలనెలా మాత్రలు ఇస్తున్నాం కదా, వాళ్ల తిండీ అలవాట్లూ లెక్కగట్టి ఇస్తున్నామా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక జబ్బుగానే చూస్తుంది. శరీర జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఉండాలంటుంది. పైగా ఆయన బాగుపడితే మిగిలేది ఆ అక్క కూలి, ఆ పిల్లల బడి.

అందుకే ఈ సభలో మూడు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి: డీ-అడిక్షన్ ఓపీ, కౌన్సెలింగ్, మాత్రల ఖర్చు కార్డు కిందికి తేవాలని జిల్లా సమాఖ్య ద్వారా ప్రభుత్వానికి రాయాలి.

రెండు: నెలకొక రోజు మన పీహెచ్‌సీలోనే ఈ ఓపీ పెట్టమని అడగాలి.

మూడు: అప్పటిదాకా ఓపీకి పోయే కుటుంబానికి గ్రామ సమాఖ్య ఆరోగ్య నిధి నుంచి బస్సు ఛార్జీలు ఇవ్వాలి, అప్పుగా కాదు.

ఇంకొక్క మాట. బాగా తాగే మనిషిని ఇంట్లో కట్టేసి ఒక్కసారిగా మాన్పించొద్దు, ప్రాణం మీదికొస్తుంది. ముందు డాక్టరుకు చూపించండి, లేదా టోల్‌ఫ్రీ 14446కు ఫోన్ చేయండి.

తీర్మానాలకు చేతులెత్తి మద్దతు ఇవ్వమని కోరుతూ, సెలవు.