మన కుట్టుకు మన పేరు

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో మాట్లాడిన మాటలు)

పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటికే చదివారు. నన్ను కుట్టుపని గురించి మాట్లాడమన్నారు. నేను అందులో ఒక్క చిన్న సంగతే చెప్తాను. జాకెట్టు మెడ వెనక లోపల కుట్టే గుడ్డ ముక్క, అదే లేబుల్.

మా సంఘంలో మిషను కుట్టేవాళ్లు ఉన్నారు, తండా నుంచి వచ్చి అద్దాల కుట్టు వేసేవాళ్లూ ఉన్నారు. మేం వర్క్ చేసిన జాకెట్లు ఒక వ్యాపారి టోకున తీసుకునేవాడు. మేం ఇచ్చేటప్పుడు మెడ వెనక ఏమీ ఉండదు. ఆయన తన లేబుల్ కుట్టించుకుని అమ్మేవాడు. కొన్నామెకు నచ్చి ఇంకోటి కావాలంటే ఎవరి దగ్గరికి పోతుంది? లేబుల్ మీద పేరున్న వాళ్ల దగ్గరికే గదా. మన దగ్గరికి ఎట్లా వస్తుంది?

ఇది మన ఒక్కరి సంగతే కాదు. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ల మీద జర్మనీకి చెందిన మరియా మీస్ అనే ఆమె 1982లో పుస్తకం అచ్చు వేసింది. రోజంతా అల్లేవాళ్లను కూడా ఇంట్లో ఊరికే ఉండే గృహిణుల కింద లెక్కేశారని, వాళ్ల కూలి తక్కువ కావడానికి అదొక కారణమని ఆమె చెప్పింది. లేసు విదేశాలకు పోయింది, అల్లినామె పేరు పోలేదు. ఆ లేసుకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ అది ఊరికి వచ్చిన పేరు. ఏ చెయ్యి అల్లిందో చెప్పాలంటే లేబులే కావాలి.

నేసిన లేబుళ్లు కంపెనీ వాళ్లతో చేయించుకోవచ్చు గానీ, వాళ్లకు పెద్ద ఆర్డరు కావాలి. మనం నెలకు కుట్టేదెంత? అందుకని మేం అంగుళం వెడల్పు కాటన్ టేపు తెచ్చాం. ముందు నీళ్లలో నానబెట్టి ఆరేశాం, తర్వాత ముడుచుకుపోకుండా. రెండున్నర అంగుళాలకు ఒకటి కోస్తే మీటరుకు 15 వస్తాయి. రెండు అంచులూ లోపలికి మడిస్తే పోగులు లేవవు.

పేరుకు రబ్బరు స్టాంపు చేయించాం. ఒకసారి పెట్టే ఖర్చే. ఇక్కడ తెలుగు అక్షరాల సంగతి చెప్పాలి. మన సంఘాల పేర్లలో సగం 'లక్ష్మీ'లే. చిన్న స్టాంపులో ఆ ఒత్తులు రంగుతో పూడిపోయి నల్లటి మచ్చలాగా పడతాయి. మాటలు తగ్గించి అక్షరాలు పెద్దగా చేయించుకోండి. ఆఫీసు స్టాంపు ప్యాడు ఇంకు కాగితానికే, గుడ్డకు పనికిరాదు, తడిస్తే కారుతుంది. ఫ్యాబ్రిక్ పెయింటును స్పాంజి ముక్కతో పలచగా అద్ది ముద్ర వెయ్యాలి. ఒక రోజు ఆరనిచ్చి, మీద పాత గుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యాలి. ఎన్ని ఉతుకులు ఆగుతుందో పాత గుడ్డ మీద వేసి చూసుకున్నాకే సరుకు మీద వెయ్యండి.

ఖరీదైన పనికైతే పేరును గొలుసు కుట్టుతో చేత్తోనే కుట్టొచ్చు. టైము పడుతుంది, అన్నిటికీ అక్కర్లేదు.

మా సంఘంలో ఒక పెద్దమ్మ నల్లజీడి వాడదామంది. పాతరోజుల్లో రజకులు ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి ఆ గింజ రసంతోనే గుర్తు పెట్టేవాళ్లు. సున్నం తగిలితే నల్లగా పట్టుకుంటుంది, ఉతికినా పోదు. ఖర్చూ లేదు. కానీ ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మెడకు ఆనుకునే లేబుల్‌కు వద్దనే నా మాట, పసిపిల్లల బట్టలకైతే అసలే వద్దు.

పసిపిల్లల గౌనుకు లేబుల్ మెడ దగ్గర కాకుండా పక్క కుట్టులో పెట్టండి, గుచ్చుకోదు. అద్దాల పనికైతే 'చేత్తో విడిగా ఉతకండి' అని ఇంకో ముద్ర ఉండాలి. ఎర్ర దారం రంగు దిగితే నింద మనకే వస్తుంది.

అసలు పంచాయితీ పేరు దగ్గర వచ్చింది. ఎవరి పేరు వెయ్యాలి? "కుట్టు ఊడితే నా పేరు బజారున పడుతుంది గదక్కా" అన్నారు కొందరు. భయంలో న్యాయం ఉంది. అందుకే ముద్ర సంఘం పేరుతో, దాని కింద చెరగని పెన్నుతో సభ్యురాలి నంబరు. నంబర్ల పుస్తకం మా దగ్గరే ఉంటుంది. బాగుందని అడిగితే ఆమెకే పని, ఊడిందంటే ఆమే సరిచేస్తుంది. బడి యూనిఫారాలు కుట్టే సంఘాలకు కూడా ఈ నంబరు పనికొస్తుంది. ఫోను నంబరు మాత్రం సంఘానిదే వెయ్యండి. ఇంటి నంబరు వేస్తే రాత్రిపూట ఎవరెవరో చేస్తారు, ఇంట్లో గొడవలు. అది చిన్న విషయం అనుకోవద్దు, దానికే పని మానేసేవాళ్లుంటారు.

ఇంకోటి. అందంగా ఉందని గుండ్రటి గీతలో 'ఆర్' అక్షరం వెయ్యొద్దు. రిజిస్టరైన పేరుకే అది, లేకుండా వాడితే 1999 ట్రేడ్‌మార్కుల చట్టానికి విరుద్ధం. మరమగ్గం గుడ్డ మీద చేనేత అని రాయొద్దు.

మండలమంతటికీ 'వైరా' అని ఒకే ముద్ర ఉండాలా, సంఘానికొకటా అన్నది మధ్యాహ్నం ఎజెండాలో పెట్టమని కోరుతున్నాను. నా ఓటు సంఘానికొకటే. ఒకరి కుట్టు బాగోకపోతే అందరి సరుకూ ఆగకూడదు. ఒప్పుకోని వాళ్లు చర్చలో చెప్పండి, వింటాను. నమూనాలు వెనక బల్ల మీద పెట్టాం, పక్కన బకెట్టులో నీళ్లు, సబ్బు ఉన్నాయి. ఉతికి చూసుకోండి.