నొప్పి లేని పుండుకే భయపడాలి

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో, ఆరోగ్యం అంశం మీద ఒక పొదుపు సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



మాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం. ఇచ్చిన టైము పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో తల నుంచి కాలి దాకా చెప్పలేం కనుక, ఒక్క కాలి గురించే చెబుదామని మా సంఘంలో అందరం కూర్చుని అనుకున్నాం. బీపీ గురించి, రక్తహీనత గురించి, క్యాన్సర్ గురించి వేరే వాళ్ళు చెబుతున్నారు. పాదాల గురించి ఎవరూ చెప్పరు. మనం కూడా అడగం.

మన పని అంతా కాళ్ళ మీదే. నాట్లు వేసినా, కలుపు తీసినా, ఉపాధి పనికి పోయినా, హోటల్లో వంట చేసినా, బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండినా నిలబడే చేస్తాం. ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయంట. మన బరువూ, మనం మోసే మోపు బరువూ వాటి మీదే పడుతుంది. ముఖానికి పౌడరు రాసుకునేటప్పుడు అద్దం చూస్తాం గానీ, అరికాలు చూసుకుని ఎన్నాళ్ళయిందో చెప్పండి అంటే ఇక్కడ ఎంతమంది చేతులెత్తుతారు?

ఇంట్లో చూసుకోగలిగినవి

ముందుగా అందరికీ ఉండేవి చెప్తాం. వీటికి భయపడక్కర్లేదు, అలాగని వదిలెయ్యనూ కూడదు.

మడమలు పగలడం. గోరువెచ్చని నీళ్ళల్లో పది పదిహేను నిమిషాలు పాదాలు నాననిచ్చి, మెత్తగా రుద్ది, తుడిచి, కొబ్బరినూనె గానీ వ్యాజిలిన్ గానీ రాసి పడుకుంటే కొన్నాళ్ళకు తగ్గుతాయి. బ్లేడుతో చెక్కకూడదు. పగుళ్ళు లోతుగా పోయి రక్తం వస్తున్నా, చీము పట్టినా డాక్టరుకి చూపించాలి.

నాట్ల రోజుల్లో వేళ్ళ సందులు తెల్లగా నానిపోయి, చీలి, మంట పుడతాయి. పని నుంచి రాగానే సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య పొడిబట్టతో తుడవాలి. తడి ఉంటే ఏ మందు రాసినా నిలవదు. దురద, పొలుసులు వారం దాటినా తగ్గకపోతే అది ఫంగస్ కావచ్చు. మందుల షాపులో ఏదో ఒక ట్యూబు ఇమ్మని అడిగి తెచ్చుకోవద్దు. కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రాసినప్పుడు తగ్గినట్టే ఉంటుంది, తర్వాత ఇంకా ఎక్కువవుతుంది.

ఆనెలు. చెప్పు ఒరిసే చోట, బరువు పడే చోట చర్మం గట్టిపడి ఆనెకాయ కడుతుంది. చెప్పు మార్చకుండా ఆనె కోస్తే మళ్ళీ వస్తుంది. ఆనెలకు అంటించే పట్టీల్లో చర్మాన్ని కరిగించే మందు ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు వాటిని అసలు వాడకూడదు, పుండు పడుతుంది.

మడమ నొప్పి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. నాలుగడుగులు వేశాక కాస్త తగ్గుతుంది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఉండే పట్టీ లాంటి కణజాలం వాయడం వల్ల ఎక్కువగా ఇలా వస్తుంది. మెత్తటి చెప్పులు వేసుకోవాలి. నీళ్ళ సీసా కింద పెట్టి అరికాలితో అటూ ఇటూ దొర్లించాలి. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయాలి. రోజూ చేస్తే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఎన్ని వారాలు చేసినా తగ్గకపోయినా, రాత్రి పడుకున్నా నొప్పి పోకపోయినా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

చీలమండ బెణకడం. గట్టు మీద కాలు జారితే మనం వెంటనే చేసే పని నూనె పోసి గట్టిగా తోమడం. అది చేయకూడదు. కాలికి విశ్రాంతి ఇచ్చి, బట్టలో ఐసు చుట్టి పెట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తులో పెట్టుకోవాలి. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తీయించాలి. కట్లు కట్టేవారి దగ్గరికి పోవాలనుకున్నా ముందు ఎక్స్‌రే చూపించుకోండి. లోపల విరిగిందో లేదో కంటికి తెలియదు.

నొప్పి లేని కాలు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నొప్పి పెట్టేవి. నొప్పి ఉంటే ఇవాళ కాకపోయినా రేపైనా చూపించుకుంటాం. మేము ముఖ్యంగా చెప్పాలనుకున్నది నొప్పి పెట్టని కాలు గురించి.

మా సంఘంలో ఒక అక్కకు ఎనిమిదేళ్ళుగా షుగర్ ఉంది. ఆమె అడగమంటేనే ఇక్కడ చెప్తున్నాం, ఆమె కూడా ఈ సభలోనే ఉన్నారు. పోయిన ఏడాది కలుపుకి పోయి వచ్చిన రోజు ఇంట్లో గచ్చు మీద రక్తపు మరకలు చూసి మనవరాలు అడిగింది, ఎవరిది నాయనమ్మా అని. చూస్తే ఈమె అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంది. చేలో గుచ్చుకుంది, ఇంటిదాకా నడిచి వచ్చింది, తెలియలేదు. ముల్లు తీసి పసుపు అద్దారు. నొప్పి లేదు కదా అని మర్నాడు మళ్ళీ పనికి వెళ్ళింది. పదకొండో రోజున వేలు నల్లబడి వాసన వచ్చింది. జిల్లా ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాదం తీయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పారు.

ఆ నాలుగు నెలలూ ఆమె పనికి వెళ్ళలేదు. తోడుగా ఉండడానికి కోడలు పని మానేసింది. ఆమె కిస్తీ సంఘంలో మిగతా వాళ్ళం తలా కొంత వేసి కట్టాం. ఒక్క ముల్లు ఇంత పని చేసింది.

ఎందుకిలా అవుతుంది? ఒంట్లో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే కాళ్ళ నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో రాయి ఉన్నా, వేణ్ణీళ్ళకు కాలినా తెలియదు. రక్తనాళాలు కూడా సన్నబడతాయి కనుక పుండుకి రక్తం సరిగా అందదు, మానదు. నొప్పి అనేది మనల్ని నిద్ర లేపే కోడి లాంటిది. కోడి కుయ్యకపోతే తెల్లారలేదని కాదు కదండీ.

మొద్దుబారడానికి షుగర్ ఒక్కటే కారణం కాదు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ గానీ ఎర్రటి మచ్చ గానీ ఉండి అక్కడ స్పర్శ లేకపోతే కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. తొందరగా మొదలుపెడితే వంకర్లు రాకుండా నయమవుతుంది. దాచుకోవాల్సిన జబ్బు కాదు.

ఆరు వేళ్ళ పరీక్ష

ఆ సంగతి జరిగాక మా సంఘంలో ఒక పద్ధతి మొదలుపెట్టాం. పీహెచ్‌సీ డాక్టరు గారు నేర్పించారు. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊళ్ళో డాక్టర్లు తయారుచేసిన పరీక్ష ఇది. మిషను అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, ఒక చూపుడువేలు చాలు.

కూర్చున్న మనిషి కళ్ళు మూసుకోవాలి. ఎదురుగా ఉన్న మనిషి ఆమె కాలి వేళ్ళ కొసలను చూపుడువేలితో ఈక తగిలినట్టు తాకాలి. కుడికాలి బొటనవేలు, చిటికెనవేలు. ఎడమకాలి బొటనవేలు, చిటికెనవేలు. తర్వాత కుడికాలి నడిమివేలు, ఎడమకాలి నడిమివేలు. మొత్తం ఆరు. ఒక్కో వేలిని ఒక్కసారే, ఒకటి రెండు సెకన్లే తాకాలి. నొక్కకూడదు, తట్టకూడదు, గోకకూడదు. తగిలినప్పుడు కుడి అనో ఎడమ అనో చెప్పాలి. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే ఆ కాళ్ళకు స్పర్శ తగ్గిందని లెక్క. వెంటనే డాక్టరుకి చూపించాలి.

మొదటిరోజు ఒకరి కాలు ఒకరు పట్టుకోవడానికి సిగ్గుపడ్డాం, నవ్వుకున్నాం. పెద్దావిడ కాలు చిన్నది పట్టుకుంటే దీవెన కింద లెక్క, చిన్నదాని కాలు పెద్దావిడ పట్టుకుంటే పాపమా అని ఒకామె అడిగింది. అంతలో ఇంకొకామె రెండు వేళ్ళు తాకినా ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుని ఇంకా మొదలుపెట్టలేదనుకుని కూర్చుంది. అప్పుడు నవ్వు ఆగిపోయింది. ఆమెకు షుగర్ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆమెకీ తెలియదు. పరీక్ష చేయిస్తే బయటపడింది. ఇప్పుడు మాత్రలు వాడుతోంది, పాదాలకు ఏ పుండూ లేదు.

షుగర్ ఉన్నవాళ్ళు రోజూ చేయాల్సినవి ఇవి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోవాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోవాలి, లేదా పిల్లల్ని చూడమనాలి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. దేవుడి గది దాకా చెప్పులేమిటి అంటే, ఇంట్లోకి వేరే జత పెట్టుకోండి. వేసుకునే ముందు చెప్పు దులపాలి. వేణ్ణీళ్ళు కాలితో కాదు, మోచేత్తో చూసుకోవాలి. గోళ్ళు మూలలు లోతుగా కాకుండా నేరుగా కత్తిరించాలి. స్పర్శ తగ్గినవాళ్ళకు ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఉంటాయి, డాక్టరుని అడగండి. పుండు మీద పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టవద్దు.

ఎవరి దగ్గరికి, ఎప్పుడు

విదేశాల్లో పాదాలకే ప్రత్యేకంగా చదువుకున్న వాళ్ళు ఉంటారు, పోడియాట్రిస్టు అంటారు. మన దగ్గర పెద్ద పట్నాల్లో ఎక్కడో తప్ప దొరకరు. అందుకని ఆగిపోనక్కర్లేదు. ముందు మన ఊరి విలేజ్ క్లినిక్, తర్వాత పీహెచ్‌సీ. బెణుకు, మడమ నొప్పి అయితే ఎముకల డాక్టరు. దురద, మచ్చ అయితే చర్మం డాక్టరు. పుండు, చీము, నల్లబడడం అయితే సర్జన్ ఉన్న ఏరియా ఆసుపత్రి.

ఆ రోజే వెళ్ళాల్సినవి ఇవి. షుగర్ ఉన్నవాళ్ళ పాదం మీద ఎంత చిన్న పుండైనా, బొబ్బైనా. దెబ్బ తగలకుండానే పాదం ఎర్రగా, వేడిగా వాచిపోతే, నొప్పి లేకపోయినా సరే. వేలు నల్లబడినా, వాసన వచ్చినా, ఎరుపు పైకి పాకుతూ జ్వరం వచ్చినా. ఒక్క పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. దాంతోపాటు ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయాలి. గర్భిణికి కాళ్ళవాపుతో పాటు ముఖం వాచినా, తలనొప్పి, కళ్ళు మసకలు వచ్చినా ఆలస్యం చేయకూడదు. తుప్పుమేకు, ముల్లు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజక్షన్ గురించి అడగాలి.

మన కోస్తా జిల్లాల్లో బోదకాలు పాత జబ్బు. అది దోమ వల్ల వచ్చేది, పాపం వల్ల కాదు. రాత్రిపూట రక్తం తీసి పరీక్ష చేస్తారు. మాత్రలు పంచినప్పుడు తీసుకుని జాకెట్లో దోపుకోకుండా ఎదురుగానే మింగండి. వాపు ఉన్నవాళ్ళు రోజూ సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకుంటే మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి.

మా విన్నపం

సంఘం మీటింగు పొదుపు కోసం గానీ కాళ్ళు చూసుకోవడానికా అని కొందరు అక్కలు అడిగారు. మంచి ప్రశ్నే. మన పంచసూత్రాల్లో క్రమం తప్పకుండా సమావేశం ఉంది, పొదుపు ఉంది, తిరిగి చెల్లింపు ఉంది. మీటింగుకి నడిచి రావాలన్నా, కూలికి పోయి కిస్తీ కట్టాలన్నా ఈ రెండు కాళ్ళే కదండీ.

అందుకని ఈ మహాసభ ముందు మా సంఘం రెండు తీర్మానాలు పెడుతోంది. ఒకటి, ప్రతి సంఘంలో మూడు నెలలకు ఒకసారి, పుస్తకాలు రాసే లోపు, ఆరు వేళ్ళ పరీక్ష చేసి తెలియనివారి పేరు ఆశా కార్యకర్తకు చెప్పాలి. ఆ పేరు బయట ఎవరికీ చెప్పకూడదు. రెండు, కాలిపుండుతో ఆసుపత్రికి వెళ్ళే సభ్యురాలికి ఆటో ఖర్చు, పరీక్షల ఖర్చు కోసం వచ్చే మీటింగు దాకా ఆగకుండా, ఇద్దరు లీడర్ల సంతకంతో ఆ రోజే సంఘం నిధి నుంచి అప్పు ఇవ్వాలి. తీర్మానం తర్వాత రాసుకోవచ్చు. పదకొండు రోజుల్లో ఏం జరుగుతుందో మేము చూశాం.

ఒప్పుకున్న అక్కలు చేతులెత్తండి. ఒప్పుకోని వాళ్ళు ఎందుకో చెప్పండి, మాట్లాడుకుందాం.