ఒకే బల్ల చుట్టూ

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం ‘సాంకేతికత - స్నేహం’. అంత పెద్ద మాట మీద ఉపన్యాసం నా వల్ల కాదు. మా బ్యాచ్ వాళ్ళం ప్రతి శనివారం ఆడుకునే ఒక ఆట గురించి చెప్తాను. ఈ వయసులో ఆటలేమిట్రా అని వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు.

మన బడి పుట్టిన 1974లోనే అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. అంటే మన బడీ, ఆ ఆటా ఒక ఈడువే. ఇందులో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. “ఎదురుగా తాళం వేసిన తలుపుంది, ఏం చేస్తావు?” అని కథ నడిపేవాడు అడుగుతాడు. మన మాస్టార్ల లాగే, జవాబు తనకి తెలిసినా చెప్పడు. బుర్రకథ విన్నవాళ్ళకి ఈ పద్ధతి మరీ కొత్తేం కాదు. కాకపోతే ఇక్కడ వంతలు కూడా కథని మలుపు తిప్పేస్తారు. చేసిన పని నెగ్గిందో లేదో తేల్చేది 20 ముఖాల పాచిక.

లెక్కల మాస్టారు ముందు వరసలో ఉన్నారు కాబట్టి ఒక మాట. 20 పడే అవకాశం నూటికి 5. ఒక్కోసారి రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకోమంటారు. అప్పుడు 20 దక్కే అవకాశం 9.75, సరిగ్గా 10 కాదు. ఎందుకు కాదో మాస్టారు ఇప్పటికీ బోర్డు మీద చూపించగలరు.

ఇదంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడాల్సిన ఆట. మరి ఒకడు హైదరాబాదులో, ఒకడు న్యూజెర్సీలో, ఒకతె మెల్‌బోర్న్‌లో ఉంటే? ఆ బల్లనే తెర మీదికి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ‘ఫాంటసీ గ్రౌండ్స్’ 2004 నుంచి ఉంది. 2012లో ‘రోల్20’ వచ్చింది. కాలేజీలో ఒకే గదిలో ఉన్న ముగ్గురు, చదువయ్యాక తలో ఊరూ వెళ్ళిపోయి, తమ ఆట ఆగిపోకూడదని దాన్ని తయారుచేసుకున్నారు. ఈ సంగతి తెలిసిన రోజున నాకు వాళ్ళు మన బ్యాచ్ వాళ్ళే అనిపించారు. 2020లో ‘ఫౌండ్రీ’ వచ్చింది. దాన్ని ఆట నడిపేవాడు ఒక్కసారి కొనుక్కుంటే చాలు, మిగిలినవాళ్ళు మామూలు బ్రౌజర్‌లోంచి చేరిపోతారు.

తెర మీద గళ్ళ పటం ఉంటుంది. ఒక్కో గడి 5 అడుగులు. దాని మీద మన పాత్రల బిళ్ళలు. మేం కొండవీడు కోటని ఎంచుకున్నాం. సోషల్ మాస్టారు చెప్పిన రెడ్డిరాజుల పాఠం ఎక్కడికి పోతుంది! చేత్తో గీసిన పటాన్ని స్కాన్ చేసి, గోడలు ఎక్కడెక్కడ ఉన్నాయో సాఫ్ట్‌వేర్‌కి చెప్పాం. ఇక్కడినుంచే అసలు మజా. గోడ అవతల ఏముందో ఎవరికీ కనపడదు. కాగడా పట్టుకున్నవాడి చుట్టూ 20 అడుగులు స్పష్టంగా, మరో 20 అడుగులు మసకగా కనిపిస్తుంది. వాడు ముందుకెళ్ళిపోతే వెనకున్నవాళ్ళకి చీకటి. “ఒరేయ్, ఆగరా!” అని మూడు ఖండాలనుంచి ఒకేసారి కేకలు.

జూన్‌లో అయితే మనకి సాయంత్రం 6 గంటలప్పుడు న్యూజెర్సీలో ఉదయం ఎనిమిదిన్నర, మెల్‌బోర్న్‌లో రాత్రి పదిన్నర. పిల్లలు కూడా మెల్లగా వచ్చి పక్కన కూర్చోవడం మొదలెట్టారు. మాది ఒకటే నియమం: పాత్ర మాట్లాడేది తెలుగులోనే. న్యూజెర్సీ పాప ఇంట్లో అమ్మానాన్నలకి ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లే. కోట కాపలావాడితో మాత్రం “అయ్యా, దారి తప్పొచ్చాం, కాస్త మంచినీళ్ళిస్తారా?” అని బేరం పెట్టింది. ఆ రోజు వాళ్ళ నాన్న చాలాసేపు మైక్ ఆపేసుకున్నాడు.

ఇక కష్టమైన సంగతి. మా ఐదుగురిలో ఒకడు ఈ సంక్రాంతి వెళ్ళాక గుండెపోటుతో పోయాడు. పేరు చెప్పను, మా బ్యాచ్ వాళ్ళకి తెలుసు. వాడిది తాళాలు తీసే దొంగ పాత్ర, గవ్వల రంగడు. పాచిక వేసే ముందు ప్రతిసారీ “జై ఆంజనేయ” అని టైపు చేసేవాడు. పడేది మాత్రం ఎప్పుడూ 3.

వాడి బిళ్ళ ఏం చెయ్యాలన్నదాని మీద మాకు మాటపట్టింపులొచ్చాయి. తీసేద్దామని ఒకరు, వాడి పాత్రని మరొకరు ఆడాలని ఇంకొకరు. వేరేవాడి నోట రంగడి మాటలు వినడం నాకు ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. ఈలోగా మరో ప్రశ్న వచ్చింది. మూడేళ్ళ మా మాటలన్నీ ఎక్కడున్నట్టు? కంపెనీ సర్వర్‌లో నడిచే ఆట అద్దె ఇల్లు లాంటిది. మేం వాడేది ఫౌండ్రీ, అది నా కంప్యూటర్‌లోనే నడుస్తుంది. అందుకని ఆ సంభాషణంతా ఒక ఫైలుగా దించి వాళ్ళ ఆవిడకి పంపాను. “జై ఆంజనేయ” ఎన్నిసార్లుందో తను లెక్కపెట్టిందట. అంకె నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

బిళ్ళ కోట తూర్పు ద్వారం దగ్గరే ఉంది, చేతిలో కాగడాతో. ఆట నియమం ప్రకారం కాగడా గంటసేపే వెలగాలి. కానీ మేం వాడే తీరులో సాఫ్ట్‌వేర్ దానంతటది ఆర్పదు, నడిపేవాడు ఆర్పాలి. నడిపేవాణ్ణి నేనే. ఆర్పలేదు. పిల్లలు ఆ దారిన వెళ్ళేటప్పుడు ఆ నలభై అడుగులూ వాళ్ళకి దారి కనిపిస్తుంది.

భోజనాలయ్యాక కంప్యూటర్ గదిలో ప్రొజెక్టర్ పెడుతున్నాం. రెండు కుర్చీలు ఖాళీగా ఉంచాం. ఒకటి సోషల్ మాస్టారికి. కోట పటంలో తప్పులున్నాయని ఆయన ఇందాకే అన్నారు, వచ్చి దిద్దాలి. రెండోది ముందొచ్చినవాళ్ళకి.