చెరిగిపోని నంబరు

(రేడియో ప్రసంగ పాఠము)

మూలవాక్యము: కొలొస్సయులకు 3:9-10

 

ప్రియులారా, నేను పరిచర్య చేసేది హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములో. ఆ పేర్లు వినగానే మీకు సినిమా తారలు, స్టూడియోలు, పెద్ద పెద్ద మేడలు గుర్తుకు వస్తాయి. అవన్నీ ఉన్నాయి. అయితే అదే కొండల మధ్య ఇరుకు గదుల్లో లైట్‌మెన్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు ఉన్నారు. తెల్లవారకముందే కృష్ణానగర్‌లో ఆనాటి పని కోసం నిలబడేవారు ఉన్నారు. నేను ఎక్కువగా ప్రార్థించేది వారి ఇళ్ళలోనే.

వారిలో ఒక తమ్ముడు ఉన్నాడు. గోదావరి జిల్లా నుంచి హీరో అవుదామని వచ్చాడు. పదేళ్ళు గడిచాయి. గుంపులో నిలబడే వేషాలు తప్ప మరేమీ రాలేదు. చివరికి షూటింగులకు పాత కార్లు సిద్ధము చేసే ఒక షెడ్డులో పనికి కుదిరాడు. ఇంటికి ఫోను చేయడము మానేశాడు. తాగుడు అలవాటైంది. ఒకరోజు నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నేను తుక్కుకి కూడా పనికిరాను" అన్నాడు.

అప్పుడు నేను చేసిన పొరపాటును మీ ముందు ఒప్పుకుంటున్నాను. అతని మాట పూర్తిగా వినకుండానే, "తమ్ముడూ, ఆదివారము శుభ్రమైన బట్టలు వేసుకొని రా, పాటల బృందములో చేరు, అన్నీ సర్దుకుంటాయి" అని చెప్పి పంపించాను. మూడు వారాలు వచ్చాడు. తరువాత రావడము మానేశాడు.

అతనిని వెదకుతూ ఆ షెడ్డుకు వెళ్ళాను. అతడు నన్ను చూసి తల దించుకున్నాడు. ఏదో మాట్లాడాలి కదా అని, పైకి మెరిసిపోతున్న ఒక పాత కారును చూపించి, "బాగుంది కదా" అన్నాను. అతడు చిన్న అయస్కాంతము తీసి తలుపు మీద పెట్టాడు. అంటుకుంది. చక్రము పైభాగములో పెట్టాడు. జారి కింద పడింది. "అయ్యగారూ, ఇక్కడ ఇనుము లేదు. అంతా లప్పమే. తుప్పు తీయకుండా పైన లప్పము పూసి రంగు కొట్టారు. లోపల చెమ్మ చేరి తుప్పు ఇంకా తింటూనే ఉంటుంది. రెండు వానాకాలాలు పోతే రంగు పొంగి ఊడిపోతుంది" అన్నాడు.

ప్రియ సహోదరుడా, సహోదరీ, ఆ అయస్కాంతము నా గుండె మీద పెట్టినట్టయింది. నేను అతనికి ఇచ్చింది సువార్త కాదు, లప్పము. శుభ్రమైన బట్టలు, పాటల బృందము, ఆదివారపు ముఖము. లోపలి తుప్పును నేను ముట్టుకోనే లేదు.

ఆ రోజు అతడే నాకు ఒక అమెరికా కారు సంగతి చెప్పాడు. తరువాత నేను కూడా చదివి తెలుసుకున్నాను. 1968లో బుల్లిట్ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. మన జూబ్లీహిల్స్ రోడ్లలాగే ఎత్తుపల్లాలతో ఉండే శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో, సుమారు 10 నిమిషాలపాటు కార్లు తరుముకునే దృశ్యము అందులో పేరు పొందింది. కథానాయకుడు స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన కారు ముదురాకుపచ్చ రంగు ఫోర్డ్ మస్టాంగ్. చిన్న బండిలో పెద్ద ఇంజను పెట్టి తయారుచేసిన అటువంటి బలమైన కార్లను ఆ దేశములో మజిల్ కార్లు అంటారు. చిత్రీకరణకు వరుస నంబర్లు గల రెండు మస్టాంగ్‌లు తెచ్చారు. ఒకటి దగ్గరి దృశ్యాలకు, మరొకటి గాలిలోకి ఎగిరి దూకే దృశ్యాలకు.

దూకిన కారు బాగా దెబ్బతిన్నది. పని అయిపోయాక తుక్కుకు పంపించారు. అది నలిగి నశించిపోయిందనే అందరూ అనుకున్నారు. దాదాపు యాభై సంవత్సరాల తరువాత, మెక్సికో దేశములో తుక్కు బండ్ల మధ్య ఒక పాత మస్టాంగ్‌ను ఒకాయన కొన్నాడు. అసలు ఆకుపచ్చ రంగు లేదు, ఇంజను లేదు. దానిని మరొక సినిమాలోని, అంటే 2000లో వచ్చిన గాన్ ఇన్ సిక్స్టీ సెకండ్స్‌లోని ఎలియనోర్ అనే కారులాగా మార్చాలని షెడ్డుకు ఇచ్చారు. పని మొదలుపెట్టేముందు ఛాసిస్ నంబరు చూశారు. 2017లో ఫోర్డ్ కార్ల పాత రికార్డులు తెలిసిన నిపుణుడు వచ్చి పరిశీలించి, అది బుల్లిట్‌లో దూకిన ఆ కారే అని నిర్ధారించాడు. అంతటితో వేరొక కారులాగా మార్చే ఆలోచన మానుకున్నారు.

ఇందులో నుంచి మూడు సంగతులు ధ్యానించుదాము.

మొదటిది, తయారుచేసినవాడు వేసిన గుర్తు. ఆ కారు నంబరులోని మొదటి అంకె 8 అంటే 1968 మోడలు. ఆర్ అనే అక్షరము కాలిఫోర్నియాలోని శాన్‌హోసే కర్మాగారము. ఎస్ అనే అక్షరము దానికి పెట్టిన 390 ఇంజను. చివరి 125558 వరుస సంఖ్య. రంగు పోయినా, ఇంజను పోయినా, ఇనుములోకి దిగేలా కొట్టిన ఆ నంబరు పోలేదు. ఆదికాండము 1:27 ప్రకారము దేవుడు నరుని తన స్వరూపమందు చేశాడు. పాపము ఆ స్వరూపమును వికారము చేసింది, నిజమే. కానీ ఆదికాండము 9:6 చూడండి. పతనము తరువాత, జలప్రళయము తరువాత కూడా మనిషి ప్రాణానికి అంత విలువ ఎందుకని దేవుడు చెప్పాడు? ఆ స్వరూపమును బట్టియే. తాగుబోతు మీద కూడా, ఓడిపోయినవాని మీద కూడా ఆ గుర్తు ఉన్నది.

రెండవది, ఇతరుల నకలు కావద్దు. ఆ కారు తానెవరో తెలియక మరొక కారుకు నకలు కాబోయింది. మనలో ఎంతమందిమి ఇలాగే ఉన్నాము? ఫలానా హీరోలాగా, ఫలానా బంధువుల పిల్లలలాగా, ఫలానా బోధకునిలాగా కావాలని మన బ్రదుకును కోసి అతుకు వేసుకుంటున్నాము. తల్లిదండ్రులారా, పక్కింటి పిల్లవానిని చూపించి మీ బిడ్డను మార్చాలని చూడకండి. కొలొస్సయులకు 3:10లో పౌలు చెప్పే నమూనా ఒక్కరే. మనలను సృష్టించినవాడు. ఆయన పోలికలోనికే మనము మార్చబడాలి.

మూడవది, బాగుచేయడము ఆయన పని. ఆ వచనములో గ్రీకు మూలభాషలో పౌలు వాడిన క్రియారూపమును గమనించండి. అది ఒక్కసారి జరిగి ముగిసేది కాదు, జరుగుతూ ఉండేది. మనము చేసుకునేది కాదు, మనకు చేయబడేది. మంచి పనివాడు లప్పము పూయడు. పాత రంగంతా గీకి ఇనుము బయటపెడతాడు. తుప్పు తిన్న భాగమును కోసి తీసి, దానికి తగిన రేకును అతికిస్తాడు. చూడటానికి ఆ సమయములో బండి మునుపటికంటె వికారముగా ఉంటుంది. పాపపు ఒప్పుకోలు అటువంటిదే. కనుకనే పౌలు 9వ వచనములో ముందుగా అబద్ధమును విడిచిపెట్టమన్నాడు.

మరి ఇంజనే లేకపోతే? పాత కార్లు బాగుచేసేవారు దానికి పుట్టుకతో వచ్చిన అసలు ఇంజను కోసము ఏళ్ళ తరబడి వెదకుతారు. చాలాసార్లు దొరకదు. ఇక్కడ మన పోలిక ఆగిపోతుంది, సువార్త ముందుకు వెళ్తుంది. యెహెజ్కేలు 36:26లో దేవుడు పాత రాతిగుండెను రిపేరు చేస్తానని అనలేదు, క్రొత్త హృదయమునే వాగ్దానము చేశాడు.

దాని జత కారు సంగతి కూడా వినండి. ఒక కుటుంబము 1974లో దానిని 6,000 డాలర్లకు కొని దాచుకున్నది. దెబ్బల గుర్తులు చెరపలేదు. 2020 జనవరిలో వేలములో రుసుములతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ దెబ్బలే అది అసలైనదని సాక్ష్యమిచ్చాయి. తిరిగి లేచిన ప్రభువు కూడా తోమాకు తన గాయములనే చూపించాడు. మరి మీ వెల ఎంత? 1 పేతురు 1:18-19 చదవండి. వెండి బంగారములు దానికి చాలలేదు. క్రీస్తు రక్తము కావలసివచ్చింది.

ఆ సాయంకాలము షెడ్డులో నేను బోధ చేయలేదు. పాత టైరు మీద కూర్చొని విన్నాను. పదేళ్ళ అబద్ధాలు, అప్పులు, అవమానము అన్నీ అతడు చెప్పుకొని ఏడ్చాడు. చివరికి తల్లికి ఫోను చేశాడు. తాను ఎవరో చెప్పడానికి అతనికి నోరు రాలేదు. "అమ్మా" అన్నాడు, అంతే. అవతల నుంచి, "తిన్నావా నాన్నా?" అని ఆ తల్లి అడిగింది. ఏమి సాధించావని అడగలేదు. పేరు అడగవలసిన పని ఆమెకు లేదు.

తాగుడు ఆ రోజే పోలేదు. రెండుసార్లు పడ్డాడు, లేచాడు. పని ఇంకా జరుగుతూనే ఉన్నది, నాలోనూ జరుగుతున్నది.

ఇది చదువుతున్న మీరు ఈ రోజు మీ గుండె మీద ఆ అయస్కాంతము పెట్టి చూసుకోండి. ఎక్కడ జారిపోతున్నదో ఆ చోటునే ప్రభువుకు చూపించండి. ఇంటికి చేయవలసిన ఫోను ఏదైనా ఉంటే, రేపటికి వాయిదా వేయకండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల తండ్రీ, మమ్మును చేసినవాడవు నీవే. మేము పూసుకున్న పూతలను నీ యెదుట ఒప్పుకుంటున్నాము. తుప్పును తీసివేయుము, క్రొత్త హృదయమును దయచేయుము. ఇంటికి దూరమైన ప్రతి బిడ్డను, ఎదురుచూచే ప్రతి తల్లిని జ్ఞాపకము చేసుకొనుము. యేసుక్రీస్తు పరిశుద్ధ నామములో అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.