ఫిడేలుకు భుజం మెత్త: ఒక పెన్షనర్ వెదుకులాట

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డి.ఆర్. బకాయిలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు తప్ప వేరే మాట వినిపించదని మన ఇళ్లలో ఒక ఫిర్యాదు ఉన్నది. అందుకని ఈసారి నన్ను ఫిడేలు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను విద్వాంసుణ్ణి కాను. ముప్పై మూడేళ్లు ఎల్.డి.సి.గానూ యు.డి.సి.గానూ ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి. సాయంత్రం పూట ఒక మాస్టారి దగ్గర నేర్చుకున్న నాలుగు వర్ణాలు, పాతిక కీర్తనలు నా ఆస్తి. కాబట్టి రాగాల జోలికి పోను. ఫిడేలు మనిషి ఒంటి మీద ఎలా నిలబడుతుంది, భుజం దగ్గర దాని కింద ఏం పెట్టాలి అన్న ఒక్క సంగతే చెబుతాను. మోకాళ్లు, మెడ ఉన్న ప్రతివారికీ ఇది ఎంతో కొంత సంబంధించిన విషయమే.

మన వాళ్లు ఫిడేలు ఎలా పట్టుకుంటారో మీరంతా కచేరీల్లో చూసే ఉంటారు. కింద బాసింపట్టు వేసుకుని, కుడికాలు కొంచెం ముందుకు పెట్టి, ఫిడేలు తలను కుడి చీలమండ మీద ఆనిస్తారు. రెండో కొస ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య ఆనుతుంది. అంటే వాయిద్యం రెండు చోట్ల నిలబడింది. దాని బరువు ఎడమచేతి మీద పడదు. ఆ చెయ్యి తీగల మీద కిందికీ పైకీ హాయిగా జారుతుంది. మన సంగీతానికి ప్రాణమైన గమకం అంతా ఆ జారుడులోనే ఉన్నది.

పాశ్చాత్యులు నిలబడో కుర్చీలో కూర్చునో వాయిస్తారు. గడ్డానికీ భుజానికీ మధ్య ఫిడేలును ఇరికిస్తారు. ఆ గడ్డం కింద ఉండే చిన్‌రెస్టు జర్మన్ విద్వాంసుడు లూయీ ష్పోర్ 1820 ప్రాంతంలో కనిపెట్టినది. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల వద్ద ఈ వాయిద్యం నేర్చి మన సంగీతానికి తెచ్చింది 19వ శతాబ్దపు తొలి రోజుల్లో. ఇది చూస్తే నాకొకటి తోస్తుంది. ఫిడేలు మన దేశంలో అడుగుపెట్టేనాటికి దాన్ని గడ్డం కింద స్థిరంగా పట్టుకునే సాధనం దొరల దగ్గర కూడా లేదు. మన పెద్దలు దాన్ని కాలి మీద ఆనించి తమ పద్ధతిలో పరిష్కరించుకున్నారు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు ఫిడేలు ఆచార్యులుగా చేరి, తరువాత 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, మన విజయవాడ అన్నవరపు రామస్వామిగారు, అందరిదీ ఈ కింద కూర్చునే సంప్రదాయమే. రామస్వామిగారు 1926లో పుట్టి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. తొంభై దాటినా వారు ఫిడేలు వదలలేదు. అందరి మోకాళ్లూ అలా ఉండవు కదా!

నా మోకాళ్లు 2023 వేసవిలో చేతులెత్తేశాయి. కింద కూర్చోవద్దు, బాసింపట్టు అసలే వద్దు అన్నారు డాక్టరుగారు. ఫిడేలు పెట్టె అల్మరా పైకెక్కింది. అక్కడితో పోతే నేనీ వేదిక ఎక్కేవాణ్ణి కాను. మా అన్నయ్యగారు శామీర్‌పేటలో ఉంటారు, ఎనభై రెండేళ్లు. వదినగారు పోయాక ఆయనకు పాట ఒక్కటే తోడు. ప్రతి శనివారం నేను మేడ్చల్ నుంచి వెళ్లేవాణ్ణి. ఆయన గాత్రం, నేను ఫిడేలు, శ్రోతలు ఎవరూ లేరు. నేను వాయించడం మానిన రెండు మూడు నెలలకు ఆయన పాడడమూ మానేశారు. అడిగితే, "ఒరేయ్, నీ ఫిడేలు లేకపోతే నా గొంతు ఎక్కడ దిగిపోతుందో నాకే తెలియడం లేదురా" అన్నారు. శ్రుతిపెట్టె కొనిచ్చాను. అది స, ప తప్ప పలకదు, తోడు రాదు అని పక్కన పెట్టేశారు.

కాబట్టి కుర్చీలో కూర్చుని వాయించాలి. అంటే చీలమండ ఆసరా పోయినట్లే. ఇక్కడే షోల్డర్ రెస్టు వస్తుంది.

దాని స్వరూపం చూడనివారి కోసం చెబుతాను. కొంచెం వంపు తిరిగిన పట్టీ, కింద స్పాంజి, రెండు కొసలా రబ్బరు తొడుగులున్న కొక్కేల వంటి కాళ్లు. ఆ కాళ్లు ఫిడేలు వెనుక పలక అంచులను పట్టుకుంటాయి. మరలు తిప్పితే ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. ఇప్పుడు మనం చూసే ఈ రకం 1970లలో కెనడాలో కున్ అనే ఫిడేలు తయారీదారు వల్ల బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అంతకు ముందు చాలామంది కోటు లోపల చిన్న మెత్త పెట్టుకునేవారు. హైఫెట్జ్ వంటి మహానుభావుడు రెస్టు లేకుండానే వాయించాడు. మెన్యూహిన్ పేరు మీద ఒక రకం రెస్టే ఉన్నది. అంటే మహావిద్వాంసుల్లోనే ఏకాభిప్రాయం లేదు. మన పే కమిషన్ సిఫార్సుల వంటిదే ఇదీను.

మా మనవరాలు పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకుంటున్నది. దాని రెస్టు తీసుకుని మొదట పరీక్ష చేశాను. "తాతయ్యా, మీరు మెడ కిందికి వంచుతున్నారు, భుజం పైకి లేపుతున్నారు" అన్నది. ఫిజియోథెరపీ అమ్మాయి కూడా అదే చెప్పింది. మెడ ఎముకలు అరిగినవాళ్లు ఒక పక్కకు వంగి, బిగబట్టి గంటసేపు ఉంటే నొప్పి భుజం దాకా దిగుతుందట. ఫిడేలు గడ్డం దగ్గరికి రావాలి గానీ గడ్డం ఫిడేలు దగ్గరికి వెళ్లకూడదు. అద్దం ముందు నిటారుగా కూర్చుని, భుజాలు వదులుగా వదిలి, దవడ అంచుకూ భుజం ఎముకకూ మధ్య ఖాళీ ఎంతో స్కేలుతో కొలవాలి. ఆ ఖాళీలో ఫిడేలు మందం పోను మిగిలినదాన్ని పైనుంచి చిన్‌రెస్టు, కిందనుంచి షోల్డర్ రెస్టు పంచుకోవాలి. నాది పొడుగు మెడ. మనవరాలి రెస్టు మరలు చివరిదాకా తిప్పినా నాకు ఒక అంగుళం తక్కువే.

2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా వచ్చిన ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి సికింద్రాబాదు వెళ్లి ఎత్తు రకం ఒకటి కొన్నాను. దుకాణం పేరు అనవసరం. పెట్టె మీద బొమ్మ ఘనంగానే ఉన్నది. రెండో వారం వర్ణం మధ్యలో ఒక కాలు జారి ఫిడేలు నా ఒళ్లో పడింది. అదృష్టం, నేల మీద పడలేదు. చూస్తే కాళ్ల రబ్బరు అప్పుడే గట్టిపడి నున్నగా అయింది. వెనక్కి తీసుకోము అన్నారు. నేను మందుల షాపులో సన్న రబ్బరు గొట్టం ముక్క కొని, కోసి, పాత తొడుగు తీసి ఎక్కించాను. ఆ తరువాత జారలేదు. మీ ఇళ్లలో పిల్లలు నేర్చుకుంటుంటే ఏడాదికొకసారి ఆ తొడుగులు నొక్కి చూడండి. రబ్బరు బ్యాండుతో స్పాంజి కట్టే అలవాటు కూడా ఉన్నది. చౌక పద్ధతే, చిన్నపిల్లలకు చాలు. కానీ మన ఎండలకు ఆ బ్యాండు వార్నిష్‌కు అంటుకుని మచ్చ పడుతుంది, వాయించాక విప్పెయ్యాలి.

సరే, జారడం ఆగింది. మెడ నొప్పి కూడా సగం తగ్గింది. ఆ శనివారం ఫిడేలు పట్టుకుని శామీర్‌పేట వెళ్లాను. అన్నయ్యగారు తోడి ఎత్తుకున్నారు. రెండు నిముషాలు పాడి ఆపేశారు. "గాంధారం బిగుసుకుపోయిందిరా. నువ్వు ఊపడం లేదు, తడుముతున్నావు" అన్నారు.

ఆయన మాట అక్షరాలా నిజం. ఎందుకో చెబుతాను. గడ్డం కింద పట్టులో ఫిడేలుకు ఆసరా ఒక్క కొసనే ఉంటుంది. తల గాలిలో ఉంటుంది. ఎడమచెయ్యి పైనుంచి కిందికి జారినప్పుడల్లా ఫిడేలును తనతోపాటు బయటికి లాగుతుంది. పాశ్చాత్య సంగీతంలో చెయ్యి ఒక స్థానంలో నిలిచి, అవసరమైనప్పుడు మరో స్థానానికి మారుతుంది. చిన్ననాటి నుంచి నేర్చినవాళ్ల గడ్డం ఆ లాగుడుకు తట్టుకుంటుంది. మనకు తోడి గాంధారం ఒక్కదానికే చెయ్యి ఎన్నిసార్లు ఊగాలో! ప్రతి ఊపుకూ నేను గడ్డం బిగించాలి. గడ్డం బిగిస్తే మెడ, మెడ బిగిస్తే భుజం, భుజం బిగిస్తే వేళ్లు బిగుసుకుంటాయి. ఈ పట్టులో కర్ణాటక సంగీతం వాయించేవారు లేరని కాదు. డెబ్భై అయిదేళ్ల వయసులో నాకు కొత్త గడ్డం రాదు అంటున్నాను.

అందువల్ల ప్రశ్ననే మార్చాను. ఎంత మంచి రెస్టు కొనాలి అని కాదు, పోయిన చీలమండకు బదులు ఏం పెట్టాలి అని. కుడి కాలు ఎడమ మోకాలి మీద వేసుకుని చూశాను, మోకాలు ఒప్పుకోలేదు. చివరికి ఒక స్టూలు చేయించాను. మేడ్చల్‌లో మాకు తెలిసిన వడ్రంగి దగ్గరికి ఫిడేలు పట్టుకుని వెళితే, "సార్, గిది ఎంతెత్తుండాలె? మీరు కూసోండ్రి, నేను కొలుస్త" అని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫిడేలు ఛాతీకి ఆనించి, దాని తల ఎక్కడికి వస్తుందో అక్కడ పెన్సిలు గీత పెట్టాడు. నేను మూడు నెలలు ఆలోచించిన దాన్ని అతను మూడు నిముషాల్లో తేల్చాడు.

కొలతలు రాసుకునేవారు రాసుకోండి. నా కుర్చీ కూర్చునే ఎత్తు 17 అంగుళాలు, చేతులు లేనిది. స్టూలు ఎత్తు 16 అంగుళాలు, పైన రెండంగుళాల మెత్త. నాకు పది అంగుళాల ముందు, రెండు మోకాళ్ల మధ్య ఉంటుంది. ఫిడేలు పొడవు ఇరవై మూడున్నర అంగుళాలు కాబట్టి ఈ దూరం సరిపోయింది. మీ నడుము పొడవును బట్టి మారుతుంది. మెత్త మధ్యలో చిన్న దోనె వంటి పల్లం, అందులో ఫిడేలు తల చుట్ట మాత్రమే కూర్చోవాలి. బిరడాలు మెత్తకు తగలకూడదు, తగిలితే వాయిస్తుండగానే శ్రుతి దిగిపోతుంది. స్టూలు కాళ్లకు రబ్బరు బుడిపెలు తప్పనిసరి. మన ఇళ్లలో ఇప్పుడంతా టైల్సే కదా.

మెత్త కుట్టింది మెయిన్ రోడ్డు పక్కన ఆటో సీట్లు కుట్టే భాయ్. మొదట రెగ్జిన్ తొడుగు వేశాడు. నున్నగా ఉండి చుట్ట జారింది. తరువాత మందపాటి నూలు గుడ్డ వేయించాను. అతని దగ్గర మిగిలిన ఫోమ్ ముక్కల్లోంచే భుజం మెత్త కూడా చేసుకున్నాను. అయిదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, ఒక కొస అంగుళం మందం, రెండో కొస అరంగుళం. మందం కొస భుజం వైపు, పలచని కొస ఛాతీ వైపు. దాన్ని ఫిడేలుకు కట్టలేదు. మా ఇంటావిడ నా బనియన్‌కు ఎడమవైపు లోపల ఒక జేబు కుట్టింది, మెత్త అందులో ఉంటుంది. మెత్తటి ఫోమ్ పనికిరాదు, పది నిముషాల్లో అణిగిపోతుంది. వేలితో నొక్కితే సగం దిగి వెంటనే లేచే రకం కావాలి. రెండు బనియన్లకు జేబులు కుట్టించాను, మే నెలలో చెమటకు ఒకటి చాలదు.

స్టూలుకు, మెత్తలకు కలిపి అయిన ఖర్చు సికింద్రాబాదులో కొన్న రెస్టు ధరలో సగం కంటె తక్కువ. అయితే రెస్టును నేను పారెయ్యలేదు. మనవరాలికి రెండేళ్లలో అది సరిపోతుంది. ఇప్పుడు దాని భుజం ఎంత పెరిగిందో ప్రతి ఉగాదికి కొలుస్తున్నాం. పిల్లలకు పెద్ద సైజు ముందే కొని "పెరుగుతుందిలే" అనే తల్లిదండ్రులు ఇక్కడుంటే, చెప్పుల విషయంలో అలా చేసుకోండి, ఫిడేలు విషయంలో వద్దు అని మనవి.

స్టూలు వచ్చిన శనివారం అల్లుడి కారులో దాన్ని కూడా వేసుకుని శామీర్‌పేట వెళ్లాను. ఎడమచెయ్యి మళ్లీ తేలికయింది, గడ్డానికి పని లేదు. అన్నయ్యగారు తోడి ఎత్తుకోలేదు. మొహన వర్ణం అన్నారు, పరీక్షగా. చరణం దాకా వచ్చాం. మధ్యలో ఆయన దగ్గుకు ఆగాం గానీ నా మెడకు ఆగలేదు. అప్పటి నుంచి శనివారాలు తప్పలేదు. స్టూలు ఇప్పుడు అక్కడే ఉంటుంది. మా ఇంటికి రెండోది చేయించుకున్నాను.

మేడ్చల్ స్టూలును ఈ రోజు ఇక్కడికి తెచ్చాను. కొలుచుకోదలచినవారు టీ విరామంలో కొలుచుకోవచ్చు, బనియన్ మాత్రం చూపించను. అధ్యక్షుల వారు అనుమతిస్తే, అన్నయ్యగారు ముందు వరుసలోనే ఉన్నారు, ఇద్దరం కలిసి ఒక కీర్తన వినిపిస్తాం. శ్రుతి చూసుకోవడానికి రెండు నిముషాలు ఇప్పించండి. దయచేసి ఆ ఫ్యాను ఒక్కటి ఆపండి.